గడపకవతల వాన

పేరేసంద్ర మీదుగా రావలసిన బాగేపల్లి బస్సు ఇంకా రాలేదు. వచ్చి ఉంటే వినపడేదే. చిక్కబళ్ళాపురంలో ఈ స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు కచేరీ వరండాలో కూర్చుంటే బస్టాండు సంగతులన్నీ పక్కన కూర్చుని చెప్పినట్టే చెవిన పడతాయి, జట్కావాళ్ళ కేకలు, గోలీసోడా కొట్టిన మోత, బెంగుళూరు బెంగుళూరు అని ఎవడో గొంతు చించుకోవడం, అన్నీ వినపడుతున్నాయి, ఆ ఒక్క బస్సు తప్ప. వనజాక్షి బల్ల అంచున కూర్చుని ఉంది. ఎవరైనా లెమ్మంటే లేవడానికి వీలుగా అంచునే కూర్చోవడం ఈ ఏడాదిలో అలవాటైపోయింది. అది గుర్తుకొచ్చి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంటుంది, కాసేపటికి చూసుకుంటే మళ్ళీ అంచునే ఉంటుంది. పక్కన నాయన గుండప్ప, చింతామణిలో నూనె అంగడికి సంత రోజున తాళం వేసి వచ్చాడు, ఒళ్ళో సంచి, సంచిలో అమ్మ కట్టిన చిత్రాన్నం పొట్లం. ఎదుటి బల్ల మీద హెడ్మాస్టరు ఆంజనేయప్ప, కోటు గుండీలు విప్పుకుని, కాలు మీద కాలేసుకుని, గుమాస్తాతో పెళ్ళి విడిదిలో కూర్చున్నట్టు కబుర్లాడుతున్నాడు. మధ్యమధ్య ఇటు చూస్తాడు. చూసి, ఏదో జాలి పడ్డట్టు తలాడిస్తాడు.

ఇన్‌స్పెక్టరు నరసింహయ్య గారు పొద్దున్నే చెప్పేశారు, దాపరికం లేకుండా, హెడ్మాస్టరు ముందరే. "బాగేపల్లి బస్సు వచ్చేదాకా చూస్తానమ్మా. కళ్ళతో చూసినవాళ్ళు ఒక్కరు వచ్చి చెప్పినా నాకు చాలు. ఎవరూ రాకపోతే మాత్రం సాక్ష్యం లేదని రాసి మూసేయక తప్పదు." మూసేస్తే ఏమవుతుందో వనజాక్షికి తెలుసు. రేపు పొద్దున మళ్ళీ అదే బడి, అదే మనిషి, ఇప్పుడు గెలిచిన మనిషి. లేదా నాయన రాత్రి అన్నట్టు, "వద్దులే తల్లీ, ఇంగ ఆ ఉద్యోగం వద్దు, ఇంటికొచ్చెయ్." ఇంటికొచ్చెయ్ అన్నప్పుడు నాయన గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. కోలారు ట్రైనింగు స్కూలుకు పంపుతానన్నప్పుడు ఇంటిల్లిపాదీ వద్దన్నా, శెట్టి కూతురు ఊరూరా తిరిగి పాఠాలు చెప్పాల్నా అని అంగడి ముందర నవ్వినా, పంపిన మనిషి ఆయనే.

తల్లో మల్లెలు గుప్పుమన్నాయి, గాలి ఇటు తిరిగింది కాబోలు. పొద్దున చింతామణిలో బస్సెక్కేముందు నాయన ఒక మూర కొని ఆమె చేతిలో పెట్టాడు, పెట్టి, అటు తిరిగి టికెట్ల సంగతి మాట్లాడాడు. నాయన పూలు కొనడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అమ్మకైనా పూలమ్మే ముసలామె ఇంటికొచ్చి కొలిచివ్వాల్సిందే, ఆయన నూనె చేతులతో పూలు ముట్టుకోడు. ఆ చేతులతోనే ఈ పొద్దు ముట్టుకున్నాడు. పూలల్లో సన్నగా వేరుశనగనూనె వాసన, ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇది చాలు కదా, అనుకుంది. బస్సు రాకపోయినా, వచ్చి అందులో ఎవరూ లేకపోయినా, ఇదొకటి ఇంటికి తీసుకుపోవచ్చు.

గోడకు రాజావారి పటం ఇంకా దించలేదు, పక్కనే గాంధీగారి పటం కొత్తగా తగిలించారు, కొత్త మేకు. పటాల పక్కన, ఇన్‌స్పెక్టరు గారి గది తలుపు సందులోంచి, రెండు కుర్చీలు కనపడుతున్నాయి. రెండూ ఒకే రకం, ఒకే ఎత్తు, బెత్తంతో అల్లినవి. ఒకటి హెడ్మాస్టరుకి, ఒకటి ఆమెకి. పొద్దున జవాను ఒకటి చేతుల కుర్చీ, ఒకటి ముక్కాలిపీట వేస్తే, నరసింహయ్య గారు ముక్కాలిపీట తీయించి రెండూ ఒకటే వేయించారు. కుర్చీ. ఒక ఆడమనిషి తలకాయలో ఇంతకాలం కుర్చీ తప్ప వేరే ఆలోచన లేకుండా పోయిందంటే ఎవరైనా నవ్వుతారు. అప్పడాలతో మొదలైంది అంటే ఇంకా నవ్వుతారు. ఆంజనేయప్ప కూతురి పెళ్ళి. చిన్న మేష్టర్లందరూ కట్టెలు మోశారు, పందిరి వేశారు, ముద్దుకృష్ణ మేష్ట్రు పాపం బాగేపల్లి నుంచి బెల్లం బస్తా నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. అది ఆ బడి ఆచారం, అడిగేవాడు లేడు. ఆడ టీచరు వచ్చింది కాబట్టి ఆదివారాలు ఇంటికొచ్చి అప్పడాలు ఒత్తమన్నాడు. "మా ఇంట్లో అప్పడాలు మా అమ్మ ఒత్తుతుంది సార్, నాకు రావు," అంది వనజాక్షి. నిజంగానే రావు. కానీ పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ నవ్వే ఆయన మరిచిపోలేదు. సోమవారం బడికి పోతే తరగతిలో కుర్చీ లేదు.

నిలబడి చెప్పడం కష్టమేమీ కాదు, నాయన అంగట్లో పొద్దంతా నిలబడే నూనె కొలుస్తాడు. కుర్చీ పోయిన చోట నేల మీద నాలుగు మచ్చలు మిగిలాయి, దుమ్ము పట్టని నాలుగు చోట్లు, పాఠం చెబుతుంటే కళ్ళు వాటి మీదికే పోయేవి. తరువాత హాజరీలో వచ్చిన రోజు కూడా రానట్టు పడడం. తరువాత, చింతామణి శెట్టి కూతురికి జీతమెందుకప్పా, నూనె కొలిచినట్టు పాఠం కొలుస్తాది, అని తరగతి బయట నిలబడి లోపలికి వినపడేలా అనడం. ఒకసారి అంటే మాట. రోజూ అంటే అది చెప్పులో రాయి, తీసిపారేద్దామంటే ఎక్కడుందో కనపడదు. రాత్రిళ్ళు పేరేసంద్రలో చిన్నాన్న అంగడి వెనక గదిలో పడుకుని, ఏమి తప్పు చేశాను, నల్లబల్ల మీద అక్షరం వంకర పోయిందా, గొంతు పెద్దదయిందా అని వెదుక్కునేది. వెదికితే ఏదో ఒకటి దొరికేది కూడా. అదీ విచిత్రం.

హారను. కాదు, లారీ. గుండప్ప కూడా తలెత్తి, దించుకున్నాడు.

ఆ ఎండ. పేరేసంద్ర నుంచి బడి ఉన్న ఊరికి పోయే బస్సు దారిలో ఆగిపోయింది, మిగతా దూరం నడిచి, పరుగెత్తి, గంట కొట్టాక చేరింది. ఆలస్యంగా వచ్చిన పిల్లలు గోడకేసి నిలబడి ఉన్నారు. "నువ్వూ నిలబడమ్మా," అన్నాడు ఆంజనేయప్ప, నవ్వుతూ, "ఇస్కూల్లో అందరికీ ఒకటే కాయిదా." ఆమె నిలబడింది. ఎందుకు నిలబడిందో ఇప్పటికీ తెలియదు. కాళ్ళు వాటంతట అవే పోయి పిల్లల వరసలో చేరాయి, పుస్తకాల సంచి భుజాన్నే ఉంది. గోడ సున్నం ముక్కుకు దగ్గరగా, సున్నంలో చీమలు, చెమట కంట్లోకి, వెనకాల బడి బడంతా చూస్తోంది. అప్పుడు గోడకవతలి నుంచి, మల్బరీ తోటలోంచి, ఒక గొంతు. "ఏం సామీ, చదువు చెప్పే బిడ్డను ఎండలో నిలబెట్టినావే! నీ ఇంట్లో ఆడబిడ్డలు ల్యారా?" లక్ష్మీదేవమ్మ. నెత్తిన ఆకుల గంప, గోడ మీదుగా తల, కళ్ళు మాత్రం ఆంజనేయప్ప మీద. "ఇది ఇస్కూలు విషయం, నీ ఆకు నువ్వు కోసుకో పో," అన్నాడాయన. ఆమె పోలేదు. గంట కొట్టేదాకా గోడవతల అట్లే నిలబడింది, గంప నెత్తినే పెట్టుకుని. ఆడది ఎండలో నిలబడి ఉంటే తోడుగా ఇంకో ఆడది నిలబడింది, అంతే. కానీ ఆ రోజు వనజాక్షి పడిపోకుండా ఉన్నది ఆ గంప చూసే.

బడి వెనక ఇల్లే ఆమెది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నీళ్ళకు పిలిచేది, లోపలికి రా తల్లీ అని నడవలో కూర్చోబెట్టేది, మజ్జిగలో కరివేపాకు నలిపి ఇచ్చేది, ఏమీ అడిగేది కాదు. కుర్చీలో కూర్చున్నట్టుండేది ఆ నడవలో నేల మీద కూర్చుంటే. ముద్దుకృష్ణ మేష్ట్రు కూడా మంచివాడే, ఎందుకు కాదనాలి. సాక్ష్యం చెప్పడానికి రమ్మంటే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, "నాకు పిల్లలుండారమ్మా, నా ప్రమోషను ఆయప్ప చేతిలో ఉండాది," అన్నాడు. కానీ సుద్దముక్కలొచ్చిన చెక్కపెట్టె ఒకటి, ఎవరూ చూడకుండా, ఆమె తరగతి మూలకు జరిపి పోయినవాడూ ఆయనే. దాని మీద కూర్చోవచ్చు. మేకు ఒకటి పైకి లేచి ఉంటే, రాయితో కొట్టి అణిచి మరీ పెట్టాడు. ధైర్యం అందరికీ ఒకే కొలతలో ఇవ్వడు దేవుడు. ఆయనకిచ్చినంతలో ఆయన ఇచ్చాడు.

అర్జీ నేరుగా కచేరీకి పంపకూడదంటారు. హెడ్మాస్టరు మీద ఫిర్యాదైనా హెడ్మాస్టరు చేతి మీదుగానే పైకి పోవాలి, అదీ పద్ధతి, దొంగ చేతికే తాళం ఇచ్చి రమ్మన్నట్టు. తెలిసీ ఆమె తపాలా పెట్టెలో వేసింది. పద్ధతి తప్పావని నరసింహయ్య గారు దాన్ని వెనక్కి పంపి ఉండొచ్చు. పంపలేదు. ఒక రోజు చెప్పాపెట్టకుండా సైకిలు తొక్కుకుంటూ బడికి వచ్చి, పంచె అంచుకు దుమ్ముతో, తరగతి గుమ్మంలో నిలబడి, ఆమెను చూసి, గదంతా చూసి, అడిగారు: "మీ కుర్చీ ఏదమ్మా?"

అంతే అడిగారు. నీళ్ళు ఆగలేదు ఆమెకు. తిట్టినప్పుడు రాని నీళ్ళు. ఇంతమంది రోజూ చూస్తున్నారు ఆ ఖాళీని, ఎవరూ అడగలేదు, నిజానికి ఆమె కూడా అడగడం మానేసింది, లేదని ఒప్పుకుని నిలబడింది. నిలబడి చెప్తేనే పాఠం బాగుంటాదని ఆమే వద్దనింది సార్, అన్నాడు ఆంజనేయప్ప వెనక నుంచి. నరసింహయ్య గారు పోయి హెడ్మాస్టరు గదిలోంచి కుర్చీ తనే ఎత్తుకొచ్చి వేసి, "కూర్చోండి," అని, తను పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని పాఠం వినిపోయారు. తరువాత వేపచెట్టు కింద, ఎవరూ లేనప్పుడు చెప్పారు. "నీకు వేరే ఊరికి బదిలీ ఇచ్చి పంపొచ్చమ్మా నేను, సులువు. నువ్వు పోతే నీ చోటికి ఇంకో ఆడబిడ్డ వస్తుంది. ఆమెకూ కుర్చీ ఉండదు. విచారణ చేద్దాం. నీ మాట వింటాను, ఆయన మాటా వింటాను, చూసినవాళ్ళ మాట వింటాను." మర్నాడే కుర్చీ మళ్ళీ మాయమైంది, అది వేరే సంగతి. ఆ మాట మాత్రం మాయం కాలేదు. విచారణ పోయిన వారమే జరగవలసింది. ఆంజనేయప్ప బడిలో పనులున్నాయి సార్, వచ్చే వారమైతే అందరికీ అనుకూలం అని రాసి వాయిదా వేయించాడు. అప్పుడు కూడా అదే జాలి నవ్వు. అందరికీ ఏమి అనుకూలమో ఆమెకు అర్థం కాలేదు.

ఇప్పుడు మొన్నటి ఆదివారం వచ్చి కూర్చుంది కళ్ళ ముందు, ఎంత తోసినా పోదు. చింతామణి నుంచి నేరుగా లక్ష్మీదేవమ్మ ఇంటికి పోయింది, తలకు నూనె రాసి అమ్మ పెట్టిన మల్లెలతో, సాక్ష్యానికి రమ్మని అడుగుదామని. ఈమధ్య నీళ్ళకు లోపలికి పిలవడం మానేసింది ఆమె, చెంబు బయట తిన్నె మీద పెట్టి ఉంచుతోంది, అప్పుడే అనుమానపడి ఉండాల్సింది. గడప దగ్గరికి పోగానే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడే నిలబడమ్మా. లోపలికి రావద్దు." కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. విషయం చెబితే, "ఊఁ, చూస్తాలే, ఇప్పుడు మాట్లాడను వీల్లేదు, పో తల్లీ," అని తలుపు దగ్గరికి వేసేసింది. కూర్చోమనలేదు, కుంకుమ పెట్టలేదు. ఆంజనేయప్ప ఊళ్ళో మనిషి, ఊళ్ళో బంధుబలగముంది, చెప్పించి ఉంటాడు, బెదిరించి ఉంటాడు. వనజాక్షి తిన్నె కింద నిలబడిపోయింది. అప్పుడు విన్నది. తలుపుకవతల, ఇంటి లోపల, వాన. సన్నగా, ఎడతెరిపి లేకుండా, రేకుల మీద కాదు, ఆకుల మీద కురిసినట్టు. తలెత్తి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు. మతి చెడుతోంది నాకు, అనుకుంది, ఎండలో నిలబడీ నిలబడీ. అప్పటి నుంచి ఆ వాన చెవుల్లోనే ఉంది, పడుకున్నా అదే, బస్సులో అదే, ఇప్పుడు ఈ వరండాలో గుమాస్తా కాగితాలు తిరగేస్తుంటే అదే.

కోపం రాలేదు ఆమెకు లక్ష్మీదేవమ్మ మీద. గంప నెత్తిన పెట్టుకుని ఎండలో నిలబడిన ఆ రోజును ఈ మూసిన తలుపు చెరిపేయలేదు. ఊళ్ళో బతకాల్సిన మనిషి, పొలమూ పుట్రా ఉన్న ఇల్లు. ఇచ్చిన మజ్జిగ ఇచ్చినట్టే ఉంటుంది కదా. అనుకుంది గానీ చూపు మాత్రం దారి మీదే ఉంది.

హారను. ఈసారి బస్సే.

బస్టాండు ఒక్కసారి గోలగా లేచింది. దిగినవాళ్ళు కచేరీ ముందునుంచే పోతారు, కోడిని చంకన పెట్టుకున్న ముసలాయన, మూటలతో ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళు కాదు, గొడుగు మనిషి, పోలీసు. తరువాత ఎవరూ లేరు. దారి మీద దుమ్ము మెల్లగా కిందికి దిగింది. ఆంజనేయప్ప లేచి కోటు గుండీలు పెట్టుకున్నాడు. "ఇంగ పోదామా అమ్మా లోపలికి? ఎవరొస్తారని ఎదురుచూస్తాండావు? పెద్దవాణ్ణి చెప్తాండా, తప్పైందని ఒక్క మాటను, నేనే సార్‌కి చెప్పి అంతా సరిచేస్తా." నరసింహయ్య గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన ముఖం చూడలేక వనజాక్షి గాంధీగారి పటం పైన కొత్త మేకు చూసింది. గుండప్ప సంచి తీసుకుని లేచాడు.

"కచేరీ ఇదేనా అప్పా? ఇన్‌స్పెట్రు సామి యాడుండాడు?"

తడి తల, కొప్పు కూడా సరిగా వేసుకోలేదు, కొంగు నడుముకు దోపుకుని, చెప్పుల్లేని కాళ్ళతో పక్క సందులోంచి దాదాపు పరుగెత్తుకుంటూ లక్ష్మీదేవమ్మ. వేళ్ళు పచ్చగా, గోళ్ళ సందుల్లో నల్లగా, ఆకు పసరు. ఆంజనేయప్ప ముఖంలో నవ్వు ఉండీ లేనట్టయింది. "ఏమి లక్ష్మీదేవమ్మా, ఊరంతా నాలుగో జొరం లేచి పట్టుపురుగులు ఆకాకు అని అరుస్తాంటే, నువ్వు తట్టలొదిలేసి పట్నం చూడను వచ్చినావే?"

"లేచినాయప్పా. ఈ వారం లేస్తాయని తెలిసే కదా నువ్వు వాయిదా ఏయించుకునింది? పురుగులు పెట్టినిల్లు వదిలి ఎవురూ కదలరు, గోడవతల చూసినోళ్ళెవరూ రారు అనుకుంటివి. నేనూ ఈ తావునే పుట్టినా, నాకు తెలీదా నీ లెక్క?" ఊపిరి తీసుకుంది. "మా ఆయన్ను తట్టల ముందర కూర్చోబెట్టొచ్చినా. ఆయప్పకు ఆకు తరగనే రాదు. ఒక్క పురుగు ఎండినా ఈ పొద్దు సంగటి లేదని చెప్పొచ్చినా."

గుమాస్తా నవ్వాడు, జవాను నవ్వాడు. వనజాక్షి నవ్వలేదు, ఒక్క అంగలో పోయి ఆమె చేతులు పట్టుకోబోయింది. అదే చెయ్యి, మొన్నటిలాగే, అడ్డం వచ్చింది.

"ఆగు తల్లీ, ఆడే నిలబడు. తల్లో మల్లెలుండాయి. నేను తిరిగి పోయి ఆకెయ్యల్ల, ఆ వాసన నాకంటితే పురుగులకు పడదు. పూల వాసన, సబ్బు వాసన, బయటోళ్ళ గాలి, ఏదీ తగలకూడదు. మొన్న కూడా అంతే, నిలబెట్టి పంపినా. చింతామణి అంగడింటి బిడ్డవు, నీకు తెలీదని నాకు బుద్ధి పుట్టలా."

"లోపల వాన చప్పుడు..."

"వానేంది? మేత అది. నిద్రపొయ్యేది, లేచేది, నిద్రపొయ్యేది, దాన్నే మేము జొరమంటాము. నాలుగోసారి లేచినంక రాత్రి లేదు పగలు లేదు, ఇల్లంతా వాన పడినట్టే మేస్తాయి. ఆ కొన్నాళ్ళే మాకు పంటంతా."

మూసిన తలుపు తెరుచుకున్నట్టు, ఆదివారమంతా వెనక్కి తిరిగి సరిగ్గా కూర్చుంది ఆమెలో. తిన్నె మీది చెంబు. నిద్రలేని ఎర్ర కళ్ళు. కుంకుమ పెట్టని చెయ్యి. ఆ వాన మధ్యలోంచి లేచి వచ్చింది ఈమె, పంటను రాని చేతుల్లో పెట్టి, తలమీద నీళ్ళు పోసుకుని. వనజాక్షి చెయ్యి పూల మీదికి పోయి ఆగింది, నాయన వైపు చూసింది. గుండప్ప గొంతు సవరించుకున్నాడు. "తీసెయ్ తల్లీ. సాయంత్రం ఇంకో మూర కొందాం." మల్లెలు బల్ల మీద పెట్టింది, అంచున కాదు, గోడ వైపు, లోపలికి.

గదిలో జవాను మూడో కుర్చీ వేశాడు. "నేను నిలబడే చెప్తా సామీ, బిరీన పోవల్ల," అంది లక్ష్మీదేవమ్మ. నరసింహయ్య గారు కలం పక్కన పెట్టారు. "కూర్చునే చెప్పాలమ్మా. ఈ గదిలో ఎవరూ నిలబడి మాట్లాడరు. మీరు బస్సుకు అందేలా నేను చూస్తాను." ఆమె కుర్చీని ఒకసారి తడిమి చూసి, కూర్చుంది. పచ్చటి వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది. ఆంజనేయప్ప కాలు మీద కాలు వేసుకోలేదు.

"ఆ పొద్దు నేను గోడ పక్కన ఆకు కోస్తాంటిని సామీ. ఎండ మంచి మీద ఉన్నింది. ఈ బిడ్డ పుస్తకాల సంచి కూడా దించలా..."

కిటికీ బయట కూడా ఎండే. కలం కాగితం మీద ఆగకుండా గరగరమంటోంది, సన్నగా, ఎడతెరిపి లేకుండా. వింటూ వింటూ ఎప్పుడో తెలియలేదు, వనజాక్షి వీపు కుర్చీకి ఆనుకుంది.